విదేశీ కంపెనీలు, లంచాలు, మీ అమ్మాయి ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీకాం చివరి సంవత్సరం చదువుతోంది. విదేశీ కంపెనీల్లో కంప్లయన్స్ ఉద్యోగం, అంటే కంపెనీ చట్టాలను పాటిస్తోందో లేదో చూసే పని చేస్తానంటోంది. స్థలం రిజిస్ట్రేషన్‌కు నేనే చేయి తడిపి పని చేయించుకున్నాను. లోకం తీరు అంతేనని తనకూ చెప్పాను. ఇలాంటి చోటికి ఆ కంపెనీలు ఎన్నాళ్లు వస్తాయి? ఇంటర్నేషనల్ బిజినెస్‌లో ఎంబీఏ మేలా, సీఏ మేలా? – ఒక తండ్రి, అరండల్‌పేట

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, నిజాయితీగా ఉండే పిల్ల తప్పుడు కాగితంపై సంతకం పెట్టవలసి వస్తే ఏం చేస్తుందన్నదే మీ అసలు భయం. ఇదే భయంతో విజయవాడ, గుంటూరుల నుంచి ఎందరో తల్లిదండ్రులు రాస్తుంటారు.

అవినీతి ఉన్నచోటికి విదేశీ పెట్టుబడి రాదన్నది సగమే నిజం. పన్ను ఎంతో ముందే తెలుస్తుంది గానీ, లంచం ఎంతో, ఎన్నిసార్లో తెలియదు కనుక కంపెనీలు వెనుకాడతాయి. అయినా పెద్ద మార్కెట్లున్న చైనాకూ మనకూ పెట్టుబడులు ఆగలేదు. వచ్చిన కంపెనీని సొంత దేశపు చట్టం వెంటాడుతుంది. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని అమెరికా 1977లోనే చట్టం చేసి నేరంగా ప్రకటించింది. చెన్నై క్యాంపస్ అనుమతి కోసం లంచం ఇప్పించారన్న ఆరోపణపై అమెరికా ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ 2019లో ఆ దేశపు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు 2.5 కోట్ల డాలర్లు చెల్లించింది. మన అవినీతి నిరోధక చట్టం ప్రకారం కూడా 2018 సవరణ తరువాత లంచమిచ్చినవారు, వారి సంస్థ శిక్షార్హులే. బలవంతం మీద ఇచ్చినవారు 7 రోజుల్లో ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంది. కాబట్టి తప్పుడు చెల్లింపును ఆపే ఉద్యోగి కంపెనీకి భారం కాదు, అవసరం.

ఆ పని ఎలా ఉంటుందంటే, అనుమతులు తెచ్చిపెట్టే కన్సల్టెంటు ‘ఇతర ఖర్చులు’ అని గుండుగుత్తగా ఒక మొత్తం రాసి పంపిన బిల్లుకు రసీదులు అడగాలి, చూపకపోతే చెల్లింపు ఆపాలి. దీనికి లెక్కలు, చట్టం తెలియాలి. అందుకే అప్పు చేసి చదివించే ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏలపైన, వారాల్లో ముగిసే ఆన్‌లైన్ కంప్లయన్స్ సర్టిఫికెట్లపైన నాకు గట్టి అనుమానం ఉంది. బ్రోచర్లలో విదేశాల పేర్లు కనిపిస్తాయి గానీ, ఓచరు (ఖర్చుకు ఆధారమైన కాగితం) పరిశీలించడం నేర్పే చోట్లు తక్కువ. పైగా 2025లో అమెరికా ఆ 1977 నాటి చట్టం అమలును కొన్ని నెలలు నిలిపివేసింది. ఒకే దేశపు చట్టాన్ని నమ్ముకున్న చదువుకు అలాంటప్పుడు గిరాకీ తగ్గవచ్చు, ఆడిట్ తెలిసినవారికి పని ఉంటూనే ఉంటుంది. సీఏ ఆలస్యమైనా, ఆర్టికల్‌షిప్‌లో, అంటే ఆడిటరు దగ్గర చేసే శిక్షణలో, నేర్చిన పని వృథా పోదు.

ఒక మాట కటువుగానే చెబుతాను. లంచం ఇవ్వక తప్పదని ఇంట్లో నేర్పి, బయట ఆమె నిజాయితీకి ఏ ప్రమాదం వస్తుందోనని దిగులుపడటం తగదు. ఆ మాట తప్పని ముందు మీరే ఆమెతో చెప్పండి. పరీక్షలు కాగానే గుంటూరులోనే ఒక ఆడిట్ ఆఫీసులో రెండు నెలలు ఓచర్లు సరిచూడనివ్వండి. సీఏలో చేరాలా వద్దా అన్నది ఆ తరువాత ఆమెనే తేల్చుకోనివ్వండి.