కత్తి కథలు రాసే తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. పత్రికవాళ్లు తిప్పి పంపారు కాబట్టి చించేస్తానన్నావు. ఆగు. మాంత్రికుడి గుహ, రక్తం తాగే ఖడ్గం నాకు పెద్దగా ఆనలేదు. కానీ కోట కాపలావాడు జీతం బాకీ గురించి సేనాపతితో గొడవపడే అర పేజీ ఉంది చూడు, అక్కడ కథ లేచి కూర్చుంది. ఆ ముక్క ఎందుకు నిలబడిందో చెప్పాలంటే అమెరికా రచయిత రాబర్ట్ ఇ. హోవార్డ్ సంగతి చెప్పాలి. కోనన్ సినిమాలు చూశానన్నావుగా, కత్తి పట్టి తిరిగే ఆ ఆటవిక వీరుణ్ణి పుట్టించింది ఈయనే.

1906లో టెక్సాస్‌లో పుట్టాడు. తండ్రి డాక్టరు, తల్లి క్షయ రోగి. ఊళ్లు మారి మారి 1919లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊరు చేరారు. ఇక చివరిదాకా అక్కడే. 'వియర్డ్ టేల్స్' అనే పల్ప్ పత్రిక 1924లో అతని మొదటి కథ తీసుకుని, మరుసటేడు అచ్చేసింది. మాటకి అర సెంటు చొప్పున ఇచ్చారు. చవక కాగితం, కళ్లు చెదిరే అట్ట, పదాలు లెక్కపెట్టి డబ్బులు: పల్ప్ వ్యాపారమంటే అదే. మధ్యలో మందుల షాపులో సోడాలు కలిపాడు, స్టెనోగా చేశాడు, చమురు బావుల వార్తలు పంపాడు. ఎక్కడా ఇమడలేదు. టైపు కొడుతూ కథని గట్టిగా పైకి చెప్పుకునేవాడని ఇరుగుపొరుగువాళ్లు చెప్పేవారు. నువ్వూ నీ డైలాగులు ఒకసారి అలా చదువుకో. సగం నువ్వే కొట్టేస్తావు.

అసలు సంగతికి వస్తా. కోనన్ కంటే ముందు అతనికి కల్ అనే రాజు ఉన్నాడు. సముద్రంలో మునిగిందని కథలు చెప్పే అట్లాంటిస్ నుంచి వచ్చి, వలూసియా అనే కల్పిత రాజ్యం గద్దెనెక్కిన ఆటవికుడు. 'ఈ గొడ్డలితోనే ఏలుతాను' అనే అర్థం వచ్చే పేరుతో అతని మీద ఒక కథ రాశాడు. బానిస పిల్లని ఒక ప్రభువు పెళ్లాడాలనుకుంటాడు. రాతిపలక మీద చెక్కిన చట్టం ఒప్పుకోదు, దాన్ని మార్చే హక్కు రాజుకీ లేదు. మరోపక్క కొందరు రాజుని చంపడానికి కుట్ర పన్నుతారు. ఆ దాడి నుంచి బయటపడ్డ రాజు ఒళ్లంతా గాయాలతోనే గొడ్డలెత్తి ఆ పలకని ముక్కలు చేస్తాడు. మంచి కథ. ఎవరూ కొనలేదు.

1932లో ఆ కాగితాలే మళ్లీ బయటికి తీశాడు. ప్రేమకథ తీసేశాడు. మంత్రపుటుంగరం పోగొట్టుకుని బానిసగా బతుకుతున్న మాంత్రికుణ్ణి తెచ్చి పెట్టాడు. కల్ స్థానంలో రాజుగా కోనన్ వచ్చాడు. అప్పుడైనా 'వియర్డ్ టేల్స్' ఎడిటర్ ఫార్న్స్‌వర్త్ రైట్ వెంటనే ఒప్పుకోలేదు, సరిచేసి పంపమన్నాడు. చేశాడు. ఆ డిసెంబరులో 'ది ఫీనిక్స్ ఆన్ ద స్వోర్డ్' అచ్చయింది. కోనన్ మొదటి కథ అదే.

ఆ కథలో కోనన్ మొదటిసారి ఎలా కనిపిస్తాడో తెలుసా? యుద్ధంలో కాదు. బల్ల ముందు కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. ఆస్థానంలోని పటాల్లో ఉత్తరదేశాలు సరిగా లేవని వాటిని తనే పూరిస్తుంటాడు. సింహాసనం గెలవడం తేలికే, దాని మీద కూర్చోవడమే విసుగని అతని బాధ. తర్వాత హంతకులు మీద పడతారు. వాళ్లలో రినాల్డో అనే కవి ఉంటాడు. కవిని చంపడానికి కోనన్‌కి చెయ్యి రాదు. ఆ జాలికి ప్రతిఫలంగా డొక్కలో కత్తిపోటు తింటాడు, ఆ తర్వాతే చంపుతాడు. ఇదంతా తీసేస్తే మిగిలేవి కండలే, కండలైతే ఎవడైనా రాస్తాడు.

ఈ కోనన్ ఎక్కడి నుంచి వచ్చాడన్నదానికి హోవార్డే ఒక స్నేహితుడికి జవాబు రాశాడు. తను చూసిన బాక్సర్లు, తుపాకీగాళ్లు, దొంగసారా వాళ్లు, చమురు బావుల దగ్గర దాదాలు, జూదగాళ్లు, వీళ్లందర్నీ కలిపితే కోనన్ అయ్యాడట. చమురు పడి రాత్రికి రాత్రి పెరిగిన ఊరు ఎంత పాడవుతుందో అతను కళ్లారా చూశాడు. 1935లో వచ్చిన 'బియాండ్ ద బ్లాక్ రివర్' చదువు. పేరుకే ప్రాచీన లోకం, చదువుతుంటే అమెరికా సరిహద్దులో అడవి నరికి వలసొచ్చినవాళ్ల కథే. అందులో బాల్థస్ అనే కుర్రాడు, వాడి వెంట ఒక కుక్క, జనం తప్పించుకునేదాకా శత్రువుల్ని ఆపి అక్కడే చచ్చిపోతారు. నీ కాపలావాణ్ణి అలా నమ్ముకో. జీతం రాని మనిషి నీకు తెలుసు, గుహలో మాంత్రికుడు తెలియదు. ఆ గొడవ దగ్గర కథ మొదలుపెట్టి చూడు.

ఇతన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. అట్ట మీద బొమ్మ పడుతుందని అర్ధనగ్నంగా అమ్మాయిల్ని ఇరికించిన కథలున్నాయి, అవి ఇప్పుడు చదవబుద్ధి కాదు. జాతుల గురించి అతని రాతల్లో చాలా విషం ఉంది. కాలం అలాంటిదని వదిలేసేవాళ్లున్నారు, నేను వదిలేయను. కానీ కవ్వించి నవ్వించే బ్రెకిన్‌రిడ్జ్ ఎల్కిన్స్ అనే పాత్ర వెస్టర్న్ కథలు, అంటే కౌబాయ్ కథలు మాత్రం నాకు కోనన్ కంటే ఇష్టం.

డబ్బు సంగతి కూడా విను. 'వియర్డ్ టేల్స్' వాళ్లు కథ తీసుకున్నప్పుడు ఇచ్చేవాళ్లు కాదు, అచ్చయ్యాక ఇచ్చేవాళ్లు. తర్వాత్తర్వాత అచ్చయ్యాకా ఇవ్వలేదు. 1935 నాటికి అతనికి రావలసింది 800 డాలర్లు దాటింది. ఇంట్లో తల్లి వైద్యం ఖర్చు. ఎడిటర్‌కి బతిమాలుతూ ఉత్తరం రాయాల్సి వచ్చింది. కోనన్ని పక్కనపెట్టి వెస్టర్న్‌ల వైపు తిరగడానికి అదీ ఒక కారణం. 1936 జూన్ 11న, తల్లికి ఇక స్పృహ రాదని తెలిశాక, అతను ప్రాణం తీసుకున్నాడు. వయసు 30. మర్నాడు తల్లి పోయింది. ఇందులో కళాకారుడి గొప్పతనం వెతక్కు. ఆ ఇంట్లో అంత బరువు ఒక్కడే మోశాడు, అంతే. నీకు మనసు బాగోకపోతే కథలో పెడదామని దాచుకోకు, ఇంట్లోవాళ్లకో నాకో ఫోన్ చెయ్యి.

ఇక ఆ సీరియల్ యాప్ వాళ్లు వ్యూస్‌ని బట్టి డబ్బులిస్తామన్నారని రాశావు. ఎన్ని వ్యూస్‌కి ఎంత, ఏ తారీఖున, ఆడియో హక్కులు ఎవరివి, అన్నీ మెయిల్‌లో రాయించుకో. మొదటి నెల డబ్బులు పడేదాకా మూడో భాగం పంపకు.

ఉంటాను,
మీ అన్నయ్య