ఆమిష్ నవలలు చదవబోతున్న అమ్మలుకు

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకూ అల్లుడికీ వందనాలు. హారిస్‌బర్గ్‌లో ఇల్లు సర్దుకున్నారని తెలిసి సంతోషం. అక్కడి లైబ్రరీలో ఒక అర నిండా తెల్ల టోపీ పెట్టుకున్న ఆడపిల్లల బొమ్మలతో ఆమిష్ నవలలే ఉన్నాయని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ఆమిష్ అంటే కార్లు నడపకుండా గుర్రబ్బండ్ల మీదే తిరుగుతూ, పాత పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ శాఖ. మంచిదాన్నే అడిగావు. "ఈ వయసులో ప్రేమకథలేమిటక్కా" అని మీ అమ్మ నన్ను ఆటపట్టిస్తుంది గానీ, కాలేజీలో ఇంగ్లిషు చెప్పిన రోజుల నుంచీ వీటిని చదువుతూనే ఉన్నాను. మంచివీ చదివాను, చెత్తవీ చదివాను. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టు.

ముందుగా, అట్ట చూసి పుస్తకం తీయకు. వీపు మీద అంకె చూడు. ఇవి విడి నవలలు కావు, మూడేసి, నాలుగేసి భాగాల వరసలు. రెండో భాగం వెనకట్ట మీద మొదటి భాగంలో ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరు పోయారో నిర్మొహమాటంగా చెప్పేస్తారు. అందుకని చదవని భాగాన్ని తిరగేసి చూడకు. వరస మొత్తం లైబ్రరీలో గానీ లైబ్రరీ పుస్తకాల్ని ఫోన్లో చదివించే లిబ్బీ యాప్‌లో గానీ ఉందని తేలాకే మొదటిది ఇంటికి తెచ్చుకో. కథ మంచి పట్టులో ఉండగా రెండో భాగం కోసం వారాల తరబడి కాచుకోవడం వల్ల లాభమేమీ లేదు.

ఆమిష్ నవలలకంటే ముందు ఒక ప్రయరీ నవల, అంటే పడమటి గడ్డిమైదానాలకు వలసపోయి కాపురాలు పెట్టినవాళ్ల కథ, చదువు. కెనడా రచయిత్రి జానెట్ ఓక్ 1979లో రాసిన 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ'. క్రైస్తవ ప్రచురణకర్తలు ప్రేమకథలు వేయడం అరుదుగా ఉన్న కాలంలో వచ్చి, తర్వాత వచ్చిన చాలా వాటికి దారి వేసింది. పడమటికి బండి కట్టుకుని బయల్దేరిన ఒక పడుచు భర్త హఠాత్తుగా చనిపోతాడు. భార్యను పోగొట్టుకుని, చిన్న కూతురితో ఉన్న ఒక రైతు వచ్చి, నా బిడ్డకు తల్లి కావాలి, నీకు చలికాలం గడవడానికి నీడ కావాలి, పెళ్లి చేసుకుందాం అంటాడు. పెళ్లి ముందు, ప్రేమ తర్వాత. అమెరికా పాఠకులకు ఇందులో వింత కనిపిస్తుంది. మా అమ్మా నాన్నల పెళ్లి ఎలా జరిగిందో తెలిసిన నాకు, నీకు, ఏ వింతా కనిపించదు. అందుకే నిన్ను అక్కడ మొదలుపెట్టమంటున్నాను, చేతికి తేలిగ్గా అందుతుంది.

ప్రయరీ కథలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు తీసుకుని, అయిదేళ్లు అక్కడే కాపురముండి సాగు చేస్తే ఆ భూమి వాళ్లదయ్యేది. ఒంటరి మగవాడికి పిల్లల్నీ పొలాన్నీ ఒక్కచేత్తో లాక్కురావడం కష్టం. ఈ నవలల్లో అవసరం కోసం జరిగే పెళ్లిళ్లు అన్ని ఉండటానికి అదో కారణం. అయితే ఆ భూమి ఎవరూ లేని బీడు కాదు. అక్కడి తెగల్ని ఒప్పందాలతోనూ తుపాకులతోనూ నెట్టేసి తీసుకున్నది. చాలా నవలల్లో ఆ తెగల మనిషి ఒక్కడూ కనిపించడు, కనిపించినా పొద దాటిపోయే నీడలా కనిపిస్తాడు. కథ ఎంత బాగున్నా ఆ ఖాళీ నీ కంట పడాలి.

ఇక ఆమిష్ కథలకు వద్దాం. బెవర్లీ లూయిస్ 1997లో రాసిన 'ది షన్నింగ్'తో మొదలుపెట్టు. ఆవిడ మీకు దగ్గర్లోని లాంకాస్టర్‌లోనే పుట్టింది. మూడు భాగాల వరస అది. పెళ్లికి ముస్తాబవుతున్న అమ్మాయికి అటక మీద పసిపాప శాటిన్ గౌను దొరుకుతుంది, అంతకుమించి చెప్పను. ఈ పుస్తకం తర్వాతే ఆమిష్ నవలలు వరదలా వచ్చాయి. ఆ వరదలో అటక మీద దొరికే ఉత్తరాలు, చనిపోయాడనుకుంటే తిరిగొచ్చే ప్రియుడు, దత్తత గుట్టు, కవల అక్కచెల్లెళ్లు లెక్కలేనన్ని సార్లు వస్తాయి. మూడోసారి వచ్చినప్పుడు విసుగొస్తే అది నీ తప్పు కాదు, పుస్తకం మూసెయ్యి.

ఇప్పుడు అసలు విషయం. ఏ ఆమిష్ నవల తెరిచినా మొదటి యాభై పేజీల్లో ఒక్క సంగతి కనుక్కో: కథానాయికకు బాప్తిస్మం అయిందా, కాలేదా? కథంతా ఈ ఒక్క మేకు మీద వేలాడుతుంది. ఆమిష్ వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పదహారో ఏట మొదలయ్యే రమ్‌స్ప్రింగా కాలంలో పిల్లలు తోటివాళ్లతో తిరుగుతారు, ఆదివారం సాయంత్రం పాటల కూడికలకు వెళ్తారు, జంటను వెతుక్కుంటారు. ఆ తర్వాత తమంతట తాము మోకాళ్లూని, సంఘం ముందు ప్రమాణం చేసి బాప్తిస్మం తీసుకుంటారు. ఆ ప్రమాణం దేవుడికే కాదు, సంఘానికీ, దాని కట్టుబాట్లకూ, అంటే వాళ్లు ఆర్డ్‌నుంగ్ అనేదానికి కూడా. బాప్తిస్మానికి ముందు వెళ్లిపోయిన కూతురు తల్లి గుండె కోస్తుంది గానీ, ఆమెను వెలివేయరు. పండగకు వచ్చి అందరితో కలిసి భోంచెయ్యొచ్చు. బాప్తిస్మం తీసుకుని మాట తప్పిపోతే మాత్రం వెలి. లాంకాస్టర్‌లాంటి చోట్ల అది గట్టిగా ఉంటుంది. అదే ఇంట్లో వేరే బల్ల వేసి వడ్డిస్తారు, ఆమె చేత్తో ఇచ్చినదాన్ని అందుకోరు. పశ్చాత్తాపపడి సంఘం ముందు ఒప్పుకుంటే మళ్లీ కలుపుకుంటారు. ఇది తెలియకుండా చదివితే తండ్రి రాతిగుండె వాడనిపిస్తాడు. తెలిసి చదివితే, తన కూతురు చేసిన ప్రమాణాన్ని కూతురి కంటే గట్టిగా పట్టుకుని నలిగిపోతున్న మనిషి కనిపిస్తాడు.

నీకు ఇది అర్థం కావడం కష్టం కాదు. మన ఎం.బి. (మెన్నొనైట్ బ్రెథ్రెన్) చర్చి వాళ్లకు ఆమిష్ వాళ్లు దూరపు చుట్టాలే. 1525లో జ్యూరిక్‌లో పెద్దయ్యాకే బాప్తిస్మం అని నిలబడి, అందుకు ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లే ఇద్దరికీ మూలం. మెన్నో సైమన్స్ పేరు మీద మెన్నొనైట్లు వచ్చారు. 1693లో యాకోబ్ అమ్మన్ వెలి మరింత కఠినంగా ఉండాలని పట్టుబట్టి విడిపోయాడు, ఆయన వెంట వెళ్లినవాళ్లు ఆమిష్. మన శాఖ 1860లో దక్షిణ రష్యాలోని మెన్నొనైట్ పల్లెల్లో పుట్టింది, అమెరికాకు వలసపోయిన ఆ సంఘాల మిషనరీలు 1899లో హైదరాబాద్ వచ్చారు. మనం చెరువులోనో తొట్టెలోనో ముంచుతాం, వాళ్లు తల మీద నీళ్లు పోస్తారు.

అయితే ఈ చుట్టరికంలోనే నీకో గోతి ఉంది, చూసుకుని నడువు. ఈ నవలలు రాసేవాళ్లలో ఎక్కువమంది ఆమిష్ వాళ్లు కారు, ఎవరికి వాళ్లు రక్షణ పొందడమే ముఖ్యమనే ఇవాంజెలికల్ క్రైస్తవులు. చాలా నవలల్లో కథానాయిక దొంగతనంగా ఇంగ్లిష్ బైబిల్ చదువుతుంది, బయటి స్నేహితురాలు ప్రార్థన నేర్పిస్తుంది, ఒక రాత్రి ఆమెకు రక్షణ నిశ్చయత దొరుకుతుంది. అక్కడి నుంచి పెద్దలందరూ ఆచారాలకు బందీలైనట్టు, ఆమె ఒక్కతే వెలుగు చూసినట్టు కథ నడుస్తుంది. పాత కట్టుబాటు ఆమిష్ వాళ్లు మాత్రం "నేను రక్షణ పొందాను" అని గట్టిగా చెప్పుకోవడాన్ని గర్వంగా చూస్తారు. నిరీక్షణ, అంటే ఆశ, ఉందంటారు, తీర్పు దేవుడికి వదిలేస్తారు. తలవంచడం, సంఘానికి ఒదిగి ఉండటం వాళ్లకు భక్తి. మనం సాక్ష్యాలు చెప్పుకునే వాళ్లం గనక రచయిత్రి పక్షానే నిలబడిపోతాం, నిలబడ్డామని కూడా తెలియదు. అలాంటి అధ్యాయం వచ్చినప్పుడు ఆ ముసలి బిషప్‌కు కూడా మాట్లాడే అవకాశం నీ మనసులో ఇవ్వు. ఆయన మాటల్ని కూడా బాగా రాసిన రచయిత్రి దొరికితే వదలకు.

రచయిత్రికి ఊరు తెలుసో లేదో పట్టుకోవడం నాకు సరదా, నీకూ నేర్పుతాను. లాంకాస్టర్ గుర్రబ్బండ్ల గూడు బూడిద రంగు. ఒహాయో, ఇండియానాల్లో నలుపు. లాంకాస్టర్ కథలో నల్లబండి పరిగెత్తిందంటే ఆవిడ ఆ ఊళ్లో అడుగు పెట్టి ఉండదు. లాంకాస్టర్ పిల్లలు సైకిలు తొక్కరు, ఒక కాలితో నెట్టుకునే స్కూటర్లు వాడతారు. ఇంటిపేర్లు కూడా చూడు: స్టోల్ట్‌ఫస్, బైలర్, లాప్, ఫిషర్, జూక్ అంటే లాంకాస్టర్. ట్రాయర్, యోడర్ అంటే చాలా మటుకు ఒహాయో హోమ్స్ కౌంటీ. ఆరాధన వారం విడిచి వారం, అదీ చర్చి భవనంలో కాదు, ఇళ్లల్లో. బెంచీలు బండిలో ఇంటి నుంచి ఇంటికి తిరుగుతాయి. నవలలో చర్చి గంట మోగితే నవ్వుకో.

పెళ్లిళ్ల అధ్యాయాలు మాత్రం నిదానంగా చదువు, అక్కడ రచయిత్రులకు చెయ్యి బాగా తిరుగుతుంది. లాంకాస్టర్‌లో కోతలయ్యాక, ఎక్కువగా నవంబరులో, మంగళ, గురువారాల్లో చేస్తారు. ప్రేమ సంగతి చివరి దాకా గుట్టు. పెళ్లికి కొద్ది వారాల ముందు ఆరాధనలో ప్రకటిస్తారు. అయితే పెళ్లి వంటల్లో సెలరీ బోలెడు కావాలి, ఎవరింటి పెరట్లో సెలరీ మడులు ఎక్కువయ్యాయో చూసి ఇరుగుపొరుగు లెక్కలు వేసేస్తారు. ఉంగరాలుండవు. పెళ్లినాటి తెల్ల ఏప్రన్‌ను మడిచి దాచి, పోయినప్పుడు అదే కడతారు. ఇంకోటి, వాళ్లలో మేనత్త, మేనమామ పిల్లల్ని చేసుకోవడం నిషిద్ధం. ఈ మాట మీ నాన్నకు చెప్పకు, ఆయన తన మేనమామ కూతుర్నే కట్టుకున్నాడు గనక వాదనకు దిగుతాడు.

క్షమాపణ గురించి ఒక మాట. నవలల్లో అది ఒక్క అధ్యాయంలో, కన్నీళ్ల మధ్య తేలిపోతుంది. అందుకే అతిగా అనిపిస్తుంది. 2006 అక్టోబరు 2న లాంకాస్టర్ కౌంటీలోని నికెల్ మైన్స్ ఆమిష్ బడిలో ఒకడు పిల్లల్ని కాల్చాడు, అయిదుగురు ఆడపిల్లలు పోయారు. వాడూ కాల్చుకుని చచ్చాడు. ఆమిష్ పెద్దలు వెంటనే వాడి కుటుంబం దగ్గరికి వెళ్లి మీ మీద మాకు పగ లేదన్నారు. వాడి సమాధి దగ్గరకు కూడా వెళ్లారు. ఆ బడిని పదిరోజుల్లో కూల్చేశారు. కాబట్టి నవలలో క్షమించడం అబద్ధం కాదు, అబద్ధమేమిటంటే దాని తర్వాత బాధ తీరిపోయిందనడం. వాళ్ల ఇళ్లల్లో ఉండే 'మార్టర్స్ మిర్రర్' అనే పాత హతసాక్షుల గ్రంథంలో డిర్క్ విల్లెమ్స్ కథ ఉంది. 1569లో తనను తరుముతున్నవాడు మంచు పగిలి నీళ్లలో పడితే వెనక్కొచ్చి లాగాడు. అయినా అతణ్ని పట్టుకుని తగలబెట్టారు. వాళ్ల పిల్లలు ఈ కథ వింటూ పెరుగుతారు. ఈ ఒక్క కథ తెలిస్తే నవలల్లో పాత్రలు ఎందుకలా ప్రవర్తిస్తాయో చాలా వరకు తెలుస్తుంది.

వరసగా రెండు సిరీస్‌లు చదవకు, రుచి చస్తుంది. ఒకటి అయ్యాక మధ్యలో 'ది బడ్జెట్' పత్రిక దొరికితే తిరగేయి. ఒహాయోలోని షుగర్‌క్రీక్ నుంచి 1890 నుంచీ వస్తోంది. ఊరూరి నుంచి ఆమిష్, మెన్నొనైట్ వాళ్లే రాసే ఉత్తరాలుంటాయి: వాన పడింది, ఫలానా వాళ్లకు కొడుకు పుట్టాడు, ఎవరింట్లో ఆరాధన జరిగింది, ఎవరి ఆవు ఈనింది. ప్రేమ ఉండదు, గుట్టు ఉండదు. కానీ ఆ ఉత్తరాలు చదివాక నవలల్లోని వంటిల్లు మరింత నిజంగా కనిపిస్తుంది.

ఈ కథల్లో మగవాళ్లు గొంతెత్తరు, భార్య చెప్పకముందే కట్టెలు కొట్టి పెడతారు. రాసింది ఆడవాళ్లు, చదివేది ఎక్కువగా ఆడవాళ్లు, అందుకని. పుస్తకం మూసి అల్లుణ్ని ఎగాదిగా చూడకు పాపం.

శనివారం కారులో లాంకాస్టర్ వెళ్లి రండి, బర్డ్ ఇన్ హ్యాండ్ ఊరి మీదుగా పోయే 340 రోడ్డు బాగుంటుంది. ఆదివారం వాళ్ల దుకాణాలు మూసి ఉంటాయి. మనుషుల ఫొటోలు తీయొద్దు, వాళ్లకు ఇష్టముండదు. అట్టల మీద ఉన్న అమ్మాయిలు మోడళ్లే, ఆమిష్ వాళ్లు కారు. షూఫ్లై పై అనే అక్కడి తీపి వంటకం కొంటే చిన్న ముక్క కొను, మొలాసిస్ (చెరకు మడ్డి పాకం) ఘాటు నీకు పడదనుకుంటా.

'ది షన్నింగ్' వరస మూడు భాగాలూ అయ్యాక ఫోన్ చెయ్యి. అందులో పెళ్లికొడుకు బిషప్ మీద నీకు కోపం వస్తుందని తెలుసు, నాకేమో ఆయన మీద జాలి. తీరిగ్గా గొడవపడదాం.

ప్రేమతో,
పెద్దమ్మ