ట్రీ కోడ్ రాసే ముందు లింకుల సంగతి

చి॥ స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

ఒంగోలు నుంచి నువ్వు పంపిన బైనరీ సెర్చ్ ట్రీ జావా ప్రోగ్రాం చూశాను. ఒక్కో విలువ (కీ) ఒక్కో నోడ్‌లో, అన్నిటికీ పైనున్న నోడ్ రూట్, చిన్న కీలు ఎడమకి, పెద్దవి కుడికి, అదే కదా ఆ ట్రీ. ఇన్సర్ట్ చేసినప్పుడు ఎర్రరేమీ రావట్లేదు, ప్రింట్ చేస్తే మాత్రం ట్రీ ఖాళీగా ఉంటోందని టెన్షన్ పడుతున్నావు. కీ చిన్నదా పెద్దదా చూసి ఎడమకో కుడికో పంపే లాజిక్ సరిగ్గానే ఉందమ్మా. ఖాళీ చోటు దొరగ్గానే ‘నోడ్ = న్యూ నోడ్(కీ)’ అని రాశావు చూడు, తిరకాసంతా అక్కడే. జావా మెథడ్‌కి అందేది రెఫరెన్స్ (ఆబ్జెక్ట్ ఎక్కడుందో చెప్పే చిరునామా లాంటిది) కాపీ. ఆ కాపీలో కొత్త నోడ్ పెట్టుకున్నావు గానీ, అసలు రూట్ నల్‌గానే, అంటే ఖాళీగానే, ఉండిపోయింది. మెథడ్ ముగిశాక ఆ నోడ్‌ని పట్టుకునే దిక్కు లేదు, వాడని ఆబ్జెక్టుల్ని ఊడ్చేసే గార్బేజ్ కలెక్టర్ పాలవుతుంది.

అందుకని ఇన్సర్ట్ ఒక నోడ్‌ని తిరిగి ఇచ్చేలా రాయి. నల్ ఎదురైతే కొత్త నోడ్ రిటర్న్ చెయ్యి. కీ చిన్నదైతే ‘నోడ్.లెఫ్ట్ = ఇన్సర్ట్(నోడ్.లెఫ్ట్, కీ)’, పెద్దదైతే రైట్‌కి ఇలాగే, చివర్లో అదే నోడ్ రిటర్న్. బయట ‘రూట్ = ఇన్సర్ట్(రూట్, కీ)’. ఈ సబ్‌ట్రీకి (ఒక నోడూ, దాని కింద ఉన్నదంతా) ఇప్పుడు రూట్ ఎవరో మెథడే చెప్పాలన్నమాట. డిలీట్‌కీ, రేపు ఏవీఎల్ రొటేషన్‌కీ (ఒకవైపు ఒరిగిన ట్రీని తిప్పి సరిచెయ్యడం) ఇదే పద్ధతి అక్కరకొస్తుంది.

ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుండే ట్రీ కూడా అడిగావు కదా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరు నియోజకవర్గం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా, నియోజకవర్గం, మండలం, ఊరు అని ట్రీ కట్టావనుకో. కందుకూరు నోడ్‌ని ప్రకాశం పిల్లల లిస్టులోంచి తీసి నెల్లూరు లిస్టులో చేర్చితే గుడ్లూరు, ఉలవపాడు, లింగసముద్రం లాంటి మండలాలూ, వాటి కింది ఊళ్ళూ దానివెంటే వచ్చేస్తాయి. వాటిని ముట్టుకోనక్కర్లేదు. కానీ నోడ్‌లో పేరెంట్ అనే ఫీల్డ్ కూడా పెట్టావంటే జాగ్రత్త. లిస్టు మార్చి పేరెంట్ మార్చడం మరిచిపోతే, పైనుంచి దిగితే కందుకూరు నెల్లూరులో ఉంటుంది, కిందనుంచి ఎక్కితే ప్రకాశంలో తేలుతుంది. ఇలాంటి బగ్ వెంటనే బయటపడదు, పట్టుకోవడానికి ప్రాణం తోడేస్తుంది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి ఇక్కడే కదా పనికి రావాల్సింది! పిల్లల లిస్టునీ పేరెంట్‌నీ ప్రైవేట్ చేసి, రెండిటినీ కలిపి మార్చే మెథడ్ ఒక్కటే పబ్లిక్‌గా ఉంచు. లిస్టు అడిగినవాళ్ళకి మార్చడానికి వీల్లేని లిస్టే ఇవ్వు. ఒక నోడ్‌ని దాని సంతానం కిందే తగిలించబోతే ఆ మెథడ్ ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే లూప్ పడుతుంది, ఇక ట్రావర్సల్ (నోడ్‌లన్నీ చుట్టి రావడం) ఆగదు. సెటర్లు (ఫీల్డ్ విలువ మార్చే మెథడ్‌లు) రాశాం కాబట్టి ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి డేటాని బయటివాళ్ళు పాడుచెయ్యకుండా కాపాడటం) అయిపోయిందని మీ పుస్తకాలు అంటాయి, నమ్మకు.

నోడ్ క్లాస్‌ని ట్రీ క్లాస్ లోపలే ప్రైవేట్ స్టాటిక్‌గా పెట్టు. స్టాటిక్ వదిలేస్తే, ప్రతి నోడూ తన ట్రీకి ఒక రెఫరెన్స్ ఊరికే మోయాల్సి రావచ్చు.

ఇంకోటి. ఇంటీజర్ ఆబ్జెక్టుల్ని రెండు ఈక్వల్ గుర్తులతో పోలుస్తున్నావు. అది విలువని కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అన్నదే చూస్తుంది. మామూలుగా మైనస్ 128 నుంచి 127 దాకా ఒక్కో నంబరుకి జావా ఒకే ఆబ్జెక్ట్ వాడుతుంది కాబట్టి చిన్న నంబర్లతో టెస్ట్ చేస్తే పాసవుతుంది, 128 దగ్గర తేడా కొడుతుంది. విలువల్ని పోల్చే కంపేర్‌టూ మెథడ్ వాడు.

రోల్ నంబర్లు వరసగా ఎక్కించావంటే మాత్రం ప్రతి నోడూ కుడివైపుకే పోయి అది గొలుసులాంటి లింక్డ్ లిస్టే అవుతుంది. పది లక్షల కీలు బాగా సర్దుకుంటే 20 అంతస్తుల్లో ఇమిడిపోతాయి. వరసగా ఎక్కిస్తే రికర్షన్ (మెథడ్ తనని తనే పిలుచుకోవడం) మధ్యలోనే దానికిచ్చిన మెమరీ నిండిపోయి స్టాక్ ఓవర్‌ఫ్లో. ట్రీని సర్దుతూ ఉండే ఏవీఎల్ అందుకే. ల్యాబ్ కోసం నీ చేత్తో ఒకసారి రాయి గానీ, ఉద్యోగంలో చేరాక జావాలోనే ఉన్న ట్రీమ్యాప్ వాడుకో, అది కూడా తనంతట సర్దుకునే రెడ్ బ్లాక్ ట్రీయే.

డిలీట్‌లో పిల్లలిద్దరూ ఉన్న నోడ్ సంగతి ఇంకా రాయలేదు నువ్వు. కుడి సబ్‌ట్రీలో అన్నిటికంటే చిన్న కీని తెచ్చి ఆ నోడ్‌లో పెట్టి, ఆ చిన్న కీని కుడివైపు నుంచి డిలీట్ చెయ్యి. అయ్యాక ఇనార్డర్ ప్రింట్ (ముందు ఎడమ, తర్వాత నోడ్, ఆపైన కుడి) చిన్న కీ నుంచి పెద్ద కీ దాకా వరసలో వస్తోందేమో చూడు. రూట్‌నే డిలీట్ చేసి, చివరికి ఒకే నోడ్ మిగిలినప్పుడు దాన్నీ డిలీట్ చేసి చూసి నాకు పంపు. ఆదివారం ఫోన్లో కూర్చుందాం.

కావలి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ మరిచిపోకు.

మీ పెదనాన్న