పాఠకుల ప్రశ్నలు: నైట్ డ్యూటీ, ఆదివారం పూజ, కొండపల్లి కొండలు

ప్రశ్న: నమస్కారమమ్మా. నా వయసు 25. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వచ్చాక, ఈ మధ్యనే విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. పెళ్లయి ఏడాది అయింది. మాది కథోలిక కుటుంబం. మావారికి కొండలన్నా అడవులన్నా ప్రాణం. పెళ్లయిన కొత్తలో ప్రతి ఆదివారం గుడిలో పూజ (మాస్) చూసుకుని ఇద్దరం కొండపల్లి ఖిల్లాకో, మూలపాడు అడవికో వెళ్లేవాళ్లం. నాకూ అది ఇష్టమైపోయింది. ఇప్పుడు ఆదివారం సెలవు దొరకడమే కష్టంగా ఉంది. నైట్ దిగిన ఉదయం నిద్ర మానుకుని ఆయనతో కొండకు వెళితే, ఆ రాత్రి డ్యూటీలో కళ్లు తిరుగుతున్నాయి. వెళ్లకపోతే ఆయన స్నేహితులతో వెళతారు, నాకు ఏడుపొస్తుంది. పూజకు రావడం లేదని అత్తయ్యగారు నోరు తెరిచి ఏమీ అనరు గాని, పాపం చేస్తున్నానేమోనన్న దిగులు నన్ను వదలడం లేదు. ఉద్యోగం, భక్తి, కాపురం, ఈ కొండల తిరుగుడు, వీటిలో నేను దేనిని తగ్గించుకోవాలి?
– ఒక సోదరి, విజయవాడ

సమాధానం: అమ్మా, మీరు రాసిన నాలుగింటిలో తగ్గించుకోవలసినది నాకు ఒక్కటీ కనిపించలేదు. కానీ మీ లెక్కలో చేర్చకుండానే మీరు ఇప్పటికే తగ్గించుకుంటూ వస్తున్నది ఒకటుంది, అది నిద్ర. పూజ కోసం ఒక పూట, కొండ కోసం మరొక పూట, ఇంటి పనుల కోసం ఇంకొక పూట అంటూ మీరు తీస్తున్నదంతా ఆ ఒక్క ఖాతాలో నుంచే. అందువల్ల భక్తికీ కాపురానికీ మధ్య పోటీ ఉన్నట్టు మీకు తోస్తోంది గాని, నిజానికి ఆ రెండూ కలిసి మీ నిద్రతో పోటీ పడుతున్నాయి. ముందు ఆ సంగతి తేల్చుకుంటే తక్కినవి సర్దుకోవడానికి చోటు దొరుకుతుంది.

రాత్రి ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ ఉదయం ఎనిమిదికి దిగుతుందని కాగితం మీద ఉంటుంది. ఒక్కో పడక దగ్గరా నిలబడి, ఇన్‌ఫ్యూజన్ పంపు ఏ వేగంతో నడుస్తోందో, రాత్రంతా మూత్రం ఎంత వచ్చిందో, తరువాతి మందు ఎన్నింటికి ఇవ్వాలో పొద్దుటి సిస్టర్‌కు అప్పగించి, ఫైళ్లలో సంతకాలు పెట్టి బయటపడేసరికి ఎనిమిదిన్నర దాటుతుందని మీకు తెలుసు. ముందు రోజు మధ్యాహ్నమే లేచి, వంటావార్పూ చూసుకుని డ్యూటీకి వచ్చిన మనిషైతే అప్పటికి ఇరవై గంటలకు పైగా మేలుకొని ఉన్నట్టు. వరుసగా 17 గంటలు మేలుకొన్నవారి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవారికి అనుమతించే హద్దు 0.03 శాతం మాత్రమే. ఆ స్థితిలో ఇబ్రహీంపట్నం రోడ్డు మీద లారీల మధ్య బండి వెనుక కూర్చుని వెళ్లి, ఎండెక్కాక ఖిల్లా కొండ ఎక్కి దిగి, మళ్లీ రాత్రికి ఐసీయూలో మందు మోతాదు లెక్కగట్టడమంటే, మీ ప్రాణంతో పాటు మరొకరి ప్రాణాన్ని కూడా ప్రమాదంలో పెట్టడమే. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే ఏమవుతుందో నేను మీకు చెప్పనక్కరలేదు. కాబట్టి నైట్ దిగిన ఉదయం ఎంత మంచి వాతావరణమున్నా, ఎవరు బతిమాలినా కొండకు వెళ్లవద్దు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

పగటి నిద్ర దానంతటది రాదు, దానికి ఏర్పాటు కావాలి. ఉదయపు వెలుతురు కంట పడగానే తెల్లవారిందన్న కబురు మెదడుకు చేరి నిద్ర ఎగిరిపోతుంది గనుక ఇంటికి వచ్చే దారిలో నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, పడకగది కిటికీకి మందపాటి తెర వేయించండి. కాఫీ తాగిన ఐదారు గంటల తరువాత కూడా అందులోని కెఫీన్ సగం వరకు ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, తెల్లవారుజామున మూడు దాటాక కాఫీ ముట్టవద్దు. వచ్చాక తేలికగా టిఫిన్ తిని, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోండి. అత్తయ్యగారి సహాయం అడగవలసింది ఇక్కడే. పాలవాడు, కొరియర్ అబ్బాయి, పక్కింటి వాళ్లు తలుపు తట్టకుండా మధ్యాహ్నం మూడు వరకు ఆవిడ కాపు కాయగలిగితే, మీ ఉద్యోగంలో ఆవిడకూ ఒక పాలు దక్కుతుంది. అడిగి చూడండి, కాదనరు.

ఇక మీ దిగులు సంగతి. ఆదివారం పూజ తప్పినందుకు మీరు పడుతున్న బాధ నాకు అర్థమవుతుంది, దాన్ని తేలికచేసి మాట్లాడను. కానీ మీ సంఘం తన విధుల్లో మీలాంటివారిని మరచిపోలేదని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. 1983 నాటి తిరుసభ (కథోలిక సంఘం) చట్టంలోని 1248వ నిబంధన ప్రకారం ముందు రోజు, అంటే శనివారం సాయంత్రం, పూజలో పాల్గొన్నా ఆదివారపు బాధ్యత తీరినట్టే. అది మీ సొంత విచారణ (మీ ప్రాంతపు సంఘం) గుడిలోనే జరగాలన్న నియమం కూడా లేదు, ఏ కథోలిక గుడిలోనైనా సరే. తగిన కారణం వల్ల అసలు వెళ్లడమే సాధ్యం కాకపోతే, ఒంటరిగా గాని కుటుంబంతో గాని కొంతసేపు ప్రార్థనలో గడపమని ఆ నిబంధనే సూచిస్తోంది. విచారణ గురువుకు న్యాయమైన కారణం కనిపిస్తే ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కూడా ఉంది. కనుక మీలో మీరు కుమిలిపోకుండా ఒక సాయంత్రం మీ ఫాదర్ గారిని కలిసి, రోస్టర్ (డ్యూటీల పట్టిక) చూపించి, ఉన్న సంగతి చెప్పండి. ప్రసవాలూ ప్రమాదాలూ ఆదివారమని ఆగవని ఆయనకు తెలియనిది కాదు. విశ్రాంతి దినాన ఊచచెయ్యి (చచ్చుబడిన చెయ్యి) గలవాణ్ని నిలబెట్టి స్వస్థపరచిన యేసు ప్రభువు దగ్గర, ఆదివారం రోగికి ఆక్సిజన్ అందించిన నర్సు తల వంచుకోవలసిన పని లేదని నా గట్టి నమ్మకం.

అయితే ఈ వెసులుబాటు అలవాటుగా మారకుండా కూడా చూసుకోవాలి. సెలవు దొరికిన ఆదివారం అలసటగా ఉందని ఇంట్లో ఉండిపోవడం మొదలైతే, ఆరు నెలలు తిరిగేసరికి ఆ దిగులు కూడా పోతుంది, దానితో పాటు భక్తి కూడా పోతుంది. డ్యూటీకి వెళ్లే బస్సులో జపమాలలో పది పూసలు, రాత్రి పడకలన్నీ ఒకసారి చూసి కూర్చున్నప్పుడు ఒక కీర్తన, ఇవి ఎవరికీ అడ్డం రావు. బైబిల్లోని 134వ కీర్తన చదివారో లేదో. రాత్రివేళ దేవుని మందిరంలో నిలిచి సేవ చేసేవారిని ఉద్దేశించి పాడిన మూడే వచనాల చిన్న కీర్తన అది, నైట్ డ్యూటీ నర్సుకు సరిగ్గా సరిపోతుంది. రోగి తనంతట తాను అడిగితే తప్ప మీ విశ్వాసం గురించి పడక దగ్గర మాట్లాడవద్దు, అక్కడ మీ చేతుల్లో కనిపించే శ్రద్ధ చాలు.

మీకు తెలిసిన వారం ఆదివారంతో మొదలయ్యేది. ఇప్పుడు మీ వారం రోస్టర్‌తో మొదలవుతుంది. ఈ మార్పును మీ ఇంట్లో ఇంకా ఎవరూ ఒప్పుకున్నట్టు లేదు. రోస్టర్ వచ్చిన రోజే భార్యాభర్తలిద్దరూ కూర్చుని అందులోని నైట్లు, నైట్ ఆఫ్‌లు, వీక్లీ ఆఫ్ గుర్తు పెట్టుకోండి. నైట్లు ముగిసిన మొదటి రోజు పూర్తిగా నిద్రకు వదిలేయండి. ఆ మరునాటి తెల్లవారుజాము మీ ఇద్దరిదీ. అది మంగళవారమో గురువారమో కావచ్చు, అప్పుడు మావారికి ఆఫీసు కదా అంటారు. నెలకు ఒక్క రోజు ఆయన సెలవు పెట్టుకోలేరా? కొండలంటే ప్రాణమున్న మనిషికి, మనుషుల సందడి లేని రోజున 14వ శతాబ్దపు రెడ్డిరాజుల కోట చూపిస్తానంటే కాదంటారని నేననుకోను. సెలవు కుదరని వారాల్లో దూరం వెళ్లనవసరం లేదు. ఈవినింగ్ డ్యూటీ ఉన్న రోజున పొద్దున్నే కృష్ణ ఒడ్డున సీతానగరం వైపు ఒక గంట నడిచి, ఎక్కడైనా ఇడ్లీ తిని, ఆయన ఆఫీసు వేళకు ఇల్లు చేరవచ్చు. వేసవి వచ్చేసరికి బెజవాడ ఎండల్లో కొండల మాట ఎలాగూ ఎత్తలేరు గనుక, ఖిల్లా దారులూ, కొల్లేటి ఒడ్డున ఆటపాకకు వచ్చే పెలికాన్ పక్షులూ, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్లూ, ఇవన్నీ చలికాలపు రోజుల్లోకి సర్దుకోండి.

మీరు రాలేని ఆదివారాల్లో ఆయన స్నేహితులతో వెళ్లడం మీ మీద ప్రేమ తగ్గి కాదు. వెళ్లనివ్వండి. కాని ఆయన వెళ్లాక మీరు ఒంటరిగా ఏడుస్తున్నారన్న సంగతి ఆయనకు తెలుసా? మీ ఉత్తరం చదివితే తెలిసినట్టు లేదు. మాటల్లో చెప్పని బాధను భర్త ముఖం చూసి కనిపెట్టాలని ఆశిస్తే, ఏడాది కాపురంలో అది ఇద్దరికీ అన్యాయమే అవుతుంది. “నువ్వు వెళ్లు, వచ్చే గురువారం మాత్రం నాతో రావాలి” అని చెప్పి చూడండి, ఆ ఆదివారం మీరు నిశ్చింతగా నిద్రపోతారు.

సెలవుల విషయంలో ఒక మాట. ప్రొబేషన్‌లో ఉన్నామని నోరు మూసుకోనక్కరలేదు, అలాగని రోస్టర్ వేశాక వెళ్లి గొడవపడీ లాభం లేదు. రోస్టర్ తయారుకాకముందే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు కాగితం మీద రాసి, నెలలో ఒక్క ఆదివారం అడగండి. దానికి బదులుగా దీపావళి రాత్రో, సంక్రాంతి మూడు రోజులో మీరు చేస్తానని ముందుగా చెప్పండి. పండుగ పూట పిల్లల దగ్గర ఉండాలనుకునే తోటి సిస్టర్లు క్రిస్మస్‌కు మీ డ్యూటీ తీసుకుంటారు. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాల మీదే మన వార్డులు నడుస్తున్నాయి. డబుల్ డ్యూటీ చేయమని పదేపదే అడిగితే మాత్రం మర్యాదగానే కాదనండి, కొత్తవాళ్లు మొహమాటానికి పోయి దెబ్బతినేది అక్కడే.

మీ విజయవాడలోనే గుణదల కొండ మీద మరియమాత ఉత్సవం ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతుంది. మరియమాత దగ్గరికి మెట్లెక్కి, అక్కడి నుంచి కొండ మీది సిలువ దాకా నడవడమంటే మీకు భక్తీ, మీవారికి కొండా, అత్తయ్యగారికి కోడలితో కలిసి మొక్కు తీర్చుకున్న తృప్తీ ఒక్క పూటలో దక్కుతాయి. ఆ 11వ తేదీనే రెండవ జాన్ పాల్ పోపు గారు ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు, 1993 నుంచి తిరుసభ దాన్ని పాటిస్తోంది. మూడు రోజుల్లో ఏదో ఒక రోజు పగలు సెలవు కావాలని జనవరి మొదటి వారంలోనే రాసి ఇవ్వండి.

ప్రశ్న: మా ఆవిడ ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుగా కొత్తగా చేరింది. ఇంతకుముందు రోజూ పొద్దున్నే ఇద్దరం లకారం చెరువు కట్ట మీద నడిచి, శనివారాల్లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు డ్యూటీ నుంచి వచ్చి ఏమీ మాట్లాడదు. గుడికి రమ్మంటే చిరాకు పడుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ఆ మౌనం మీ మీద కోపం కాదు బాబూ. ఎమర్జెన్సీలో పనిచేసే మనిషి ఒకే పూటలో ఒకరి ప్రాణం పోవడం చూసి, ఆ కుటుంబం ఏడుపు విని, ఐదు నిమిషాల్లో చేతులు కడుక్కుని మరో రోగికి సెలైన్ ఎక్కించవలసి వస్తుంది. అదంతా లోపలే ఉండగా ఇంటికి వచ్చిన వెంటనే గుడికి బయలుదేరమంటే ఎవరికైనా విసుగు వస్తుంది. రాగానే ప్రశ్నలు వేయకుండా స్నానానికి నీళ్లు పెట్టి, టిఫిన్ అందించి, పడుకోనివ్వండి. నిద్ర లేచాక, సాయంత్రం చల్లబడిన వేళ చెరువు కట్ట మీదకు తీసుకువెళ్లి మాట్లాడకుండానే పక్కన నడవండి. ఆవిడ తనంతట తాను మొదలుపెడితే వినండి, రోగి ఎవరు, ఏ ఊరని మాత్రం అడగవద్దు. ఆ గోప్యత ఆవిడ వృత్తిధర్మం. శనివారం కుదరని వారం మరో రోజు వెళ్లినా స్వామి దర్శనం దర్శనమే, లేదంటే మీరొక్కరే వెళ్లి ప్రసాదం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టండి. కొన్ని వారాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, అకారణంగా ఏడవడం, డ్యూటీ పేరు వింటేనే వణకడం కనిపిస్తే, అది అలసట అనుకుని వదిలేయకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మొదటిసారి ఆవిడ చేయలేనంటే, ఆవిడకు చెప్పి మీరే చేసి, ఎలా మొదలుపెట్టాలో అడిగి తెలుసుకోండి.