అమ్మడూ, ఏప్రిల్‌ని నమ్మకు

అమ్మడూ,

మీ అత్తగారూ మామగారూ ఏప్రిల్ రెండో వారంలో దిగుతున్నారనీ, మొదటి శని, ఆదివారాల్లోనే నాలుగు చోట్లు చూపించెయ్యాలని అల్లుడుగారు లిస్టు రాశారనీ చెప్పావు కదా. నువ్వు పంపిన ఆ లిస్టు చూసి నవ్వుకున్నాను. మేం షికాగో పక్కన ఈ నేపర్‌విల్‌కి వచ్చిన కొత్తలో మీ బాబాయ్ రాసిన లిస్టూ అచ్చం ఇలాగే ఉండేది. రోజుకి ఒక్క చోటే పెట్టుకోండి. నాలుగేళ్ల పిల్లాడు ఉన్న ఇంట్లో రెండో చోటికి చేరేసరికి వాడు కారు సీటులో నిద్రపోతూ ఉంటాడు, వాణ్ణి లేపే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇల్లినాయ్‌లో ఒక్కో చోటుకి ఒక్కో వారం ఉంటుంది. అది దాటితే వెళ్లినా ఏమీ ఉండదు. అందుకని నీ లిస్టుని తేదీల ప్రకారం మార్చి రాస్తున్నాను.

ముందుగా స్టార్వ్‌డ్ రాక్ స్టేట్ పార్కు. మీ అరోరా నుంచి గంటకి కాస్త పైన. ఇల్లినాయ్ నది ఒడ్డున ఇసుకరాతి కొండల్లో పద్దెనిమిది లోయలున్నాయి. మంచు కరిగి, వానలు పడ్డాకే వాటిలో జలపాతాలు దూకుతాయి. ఆగస్టులో వెళ్లిన చాలామంది ఉత్త బండలు చూసి వస్తారు. కాబట్టి ఏప్రిల్‌లోనే, ఒకటి రెండు రోజులు వాన పడిన తర్వాత వెళ్లండి. ప్రవేశం ఉచితం. అందుకే జనం. ఎండ కాసిన శనివారమైతే పొద్దున్నే పార్కింగ్ నిండిపోతుంది, తొమ్మిదిలోపు అక్కడ ఉండాలి. ఫ్రెంచ్ కేన్యన్ అనే లోయ విజిటర్ సెంటర్‌కి దగ్గర, పిల్లలు నడవగలరు. కానీ లోపలికి వెళ్లే చోట తడి రాయి జారుతుంది. కొండ అంచుల దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు, ఫొటో కోసమైనా సరే. అక్కడ పడి ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులన్నావు కదా, చాలా దారుల్లో మెట్లే మెట్లు. ఆవిడ 1930లలో కట్టిన చెక్క లాడ్జిలో కాఫీ తాగుతూ కూర్చోవచ్చు. అక్కడ మరీ జనంగా ఉంటే, కొద్ది మైళ్ల దూరంలోనే మాథీసన్ స్టేట్ పార్కు ఉంది. దాని జలపాతం 45 అడుగులు. నన్నడిగితే అదే నయం అంటాను గానీ, మీ బాబాయ్ ఒప్పుకోరు.

బట్టల సంగతి. ఉగాది వెళ్లింది కదా, ఎండలే అనుకుని వాళ్లు పల్చటి బట్టలతో దిగుతారు. ఇక్కడ ఏప్రిల్‌లో మంచు పడ్డ రోజులు నేను చాలానే చూశాను. మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు పట్టుచీర, హవాయి చెప్పులతో ఒక పార్కుకి తీసుకెళ్లాం. పది అడుగులు వెయ్యకముందే ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. ఆవిడ ఆ కథని ఊళ్లో ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. బూట్లు, రెండు జతల సాక్సులు, ఒక వాన కోటు ముందే కొనిపెట్టు.

ఏప్రిల్ చివర్లో లైల్‌లోని మోర్టన్ ఆర్బొరేటమ్‌కి వెళ్లండి. గొడుగు పట్టుకున్న పాప బొమ్మ ఉన్న ఉప్పు డబ్బా మీ వంటింట్లోనూ ఉండే ఉంటుంది. ఆ ఉప్పు కంపెనీ యజమాని జాయ్ మోర్టన్ 1922లో పెట్టిన తోట ఇది. 1,700 ఎకరాలు. చెట్లు నాటే ఆర్బర్ డే మొదలుపెట్టింది వాళ్ల నాన్నే. లోపలంతా కారు రోడ్డుంది కాబట్టి మీ అత్తగారు దిగకుండానే సగం చూసెయ్యొచ్చు. డాఫడిల్స్ పూసిన చోట మాత్రం దింపు. పిల్లలకి వేరే తోట ఉంది, వాళ్లు బయటికి రామంటారు. టికెట్ కొనేముందు మీ లైబ్రరీలో ఉచితంగానో తగ్గింపుతోనో రానిచ్చే ‘ఎక్స్‌ప్లోర్ మోర్ ఇల్లినాయ్’ పాసులు ఏ చోట్లకి ఉన్నాయో ఒకసారి చూడు. నేను చాలా ఏళ్లు లైబ్రరీని పుస్తకాలకి మాత్రమే అనుకున్నాను.

ఆ తర్వాతి వారం లెమాంట్ గుడి. దర్శనం చేసుకుని, అక్కడి నుంచి కాసేపు డ్రైవ్ చేస్తే హోమర్ గ్లెన్‌లో మెసెంజర్ వుడ్స్. ఏప్రిల్ చివర, మే మొదట్లో అడవి నేలంతా నీలి రంగు బ్లూబెల్స్. ఇంచుమించు రెండు వారాలే. దారి చదునుగా ఉంటుంది, అత్తగారు నడవగలరు. పూలు కొయ్యొద్దని పిల్లలకన్నా ముందు ఆవిడకే చెప్పు, దేవుడికని రెండు తెంపుతారు! ఇంటికొచ్చాక పిల్లల మెడ, చెవుల వెనక, జుట్టులో టిక్స్, అంటే రక్తం పీల్చే చిన్న పురుగులు, ఉన్నాయేమో చూడు. మర్చిపోవద్దు.

మీ మామగారు ఫిజిక్స్ మాస్టారు కాబట్టి బటేవియాలో ఫిజిక్స్ పరిశోధనలు జరిగే ఫెర్మీల్యాబ్ తప్పదు. 1995లో టాప్ క్వార్క్ అనే అతి సూక్ష్మ కణాన్ని కనిపెట్టామని ప్రకటించింది అక్కడే. పిల్లలకి ఆ గొడవ అక్కర్లేదు. ఆ ల్యాబ్ ఆవరణలో 1969 నుంచి బైసన్, అంటే అమెరికా అడవి దున్నల మంద ఉంది, వసంతంలో దూడలు పుడతాయి. లోపలికి పెద్దవాళ్లకి ఐడీ అడుగుతారు, ఏది చెల్లుతుందో, ఏ వేళల్లో రానిస్తారో వాళ్ల సైటులో ముందే చూసుకోండి.

స్ప్రింగ్‌ఫీల్డ్‌ని లిస్టులోంచి కొట్టేశాను. లింకన్ పదిహేడేళ్లు ఉన్న ఇల్లు, ఆయన సమాధి, అన్నీ చూడాల్సినవే. కానీ పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మే చివర్లో ఒక రాత్రి ఉండేలా వెళ్లండి. సమాధి ముందున్న లింకన్ కంచు తలకి ముక్కు రుద్దితే అదృష్టమట, అందరూ రుద్ది రుద్ది అది బంగారంలా మెరిసిపోతోంది.

ఇంకొకటి, మీ కారులో ఆరుగురు పట్టరు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి కారు సీటో బూస్టరో ఉండాలన్నది ఇక్కడి చట్టం. అత్తగారు ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంటారు, ఒప్పుకోకు. ఆ శని, ఆదివారాలకి మినీవ్యాన్ అద్దెకి తీసుకోండి.

తిండికి పులిహోర, పెరుగన్నం చాలు. పెద్ద ఫ్లాస్కు నా దగ్గరుంది, గురువారం వచ్చి పట్టుకెళ్లు. మూత కొంచెం వదులు, నిలబెట్టే ఉంచాలి.

మీ పిన్ని