ఆట ముచ్చట్లు: మీరు అడుగుండ్రి, నేను చెప్త

ప్రశ్న: సార్, నేను సిరోంచ తాలూకాల పీటీ టీచర్‌ని. మా ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీమ్ జిల్లా దాక మంచిగనే ఆడ్తది, నాగ్‌పూర్ దిక్కు విభాగం మ్యాచ్‌లకు పోతే మాత్రం అవతలోళ్ళ బూట్లు, బ్యాట్లు చూసే సల్లబడ్తరు. పోయిన నెల మీరు 2023ల జపాన్ బేస్‌బాల్ మేనేజర్‌గ ఉన్న కురియామా పేరు రాసిండ్రు, ఆయనైతే ఏం చేస్తుండె?

జవాబు: మేడమ్, సల్లబడుడు మీ పిల్లలకే కాదు. 2023 మార్చిల మయామిల వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్, అంటే దేశాల నడుమ జరిగే టోర్నీ, ఫైనల్, జపాన్‌కు ఎదురు అమెరికా, అంటే టీవీల ఎవరిని చూసి మురిసిండ్రో వాళ్ళే ఎదురుంగ నిలబడ్డరన్నట్టు. మ్యాచ్‌కు ముందు అందరికి యాదుండిపోయిన మాట మేనేజర్‌ది, అంటే టీమ్‌ను నడిపే కురియామాది కాదు, జపాన్ స్టార్ ఆటగాడు ఓహ్తానీది. ఫస్ట్ బేస్ కాడ గోల్డ్‌ష్మిట్ ఉంటడు, సెంటర్ ఫీల్డ్‌ల ట్రౌట్ ఉంటడు, గని ఇయ్యాల ఒక్కరోజు వాళ్ళను చూసి మురుసుడు బంద్ పెడ్దాం అన్నడు. 3-2తోని గెలిచిండ్రు, ఆఖరి అవుట్ ఆ ట్రౌట్‌దే, తీసింది ఓహ్తానీయే, అప్పుడు ఇద్దరిది ఒకటే క్లబ్ గూడ. అందుకే ధైర్యం చెప్పుడు ఎప్పుడూ మీరే పెట్టుకోకుండ్రి, టీమ్‌ల ఒక పిల్ల నోటెంట రానియ్యుండ్రి.

నాకైతే ఫైనల్ కన్న మెక్సికో మీద సెమీఫైనలే ఎక్కువ. మురకామి అని ఒక పిలగాడు, అంతకుముందు ఏడు జపాన్ లీగ్‌ల 56 హోమ్ రన్లు, అంటే బాల్‌ను గోడ దాటిచ్చే దెబ్బలు, కొట్టినోడు, ఈ టోర్నీల చేతులు కట్టేసినట్టు అయిండు. కురియామా ఆయనను బ్యాటింగ్‌ల నాలుగో నంబర్ నుంచి అయిదుకు దింపిండు గని టీమ్‌లకెళ్ళి తీసెయ్యలే. సెమీస్‌ల ఆ రాత్రి అప్పటికే మూడుసార్లు స్ట్రైకవుట్, అంటే బాల్‌ను సరిగ కొట్టకుండనే అవుట్. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది, 5-4తోని ఎనకబడ్డరు, ఇద్దరు బేసుల మీద, అంటే పరుగు నడుమ ఆగే జాగల మీద, ఉన్నరు, ఒక్క అవుట్ గూడ కాలే, బ్యాటింగ్ మురకామిది. అసోంటప్పుడు ఎవరైనా బంట్ చేపిస్తరు, అంటే బ్యాట్ ఊపకుండ బాల్‌ను ఊకె తాకిచ్చి కాళ్ళ కాడ పడేసుడు, బేస్ మీదున్నోళ్ళు ఒక మెట్టు ముందుకు జరుగుతరు. బంట్ కోసం ఇంకో ఆటగాన్ని తయారు పెట్టుకోని గూడ కురియామా ఆఖరికి కోచ్‌తోని కబురు పంపిండు, నీకే వదిలేసిన, పోయి కొట్టు అని. బాల్ పోయి సెంటర్ దిక్కు గోడకు తాకింది, ఇద్దరూ ఉరికొచ్చిండ్రు, 6-5.

మీరు గూడ బస్సెక్కకముందే చెప్పేయుండ్రి, రెండు బాళ్ళు మిస్సయితే తీసేస్తరా, ఉంచుతరా అని. అది తెల్వకనే పిల్ల గ్లోవ్ పట్టుకోని బాల్ దిక్కు కాకుండ మీ మొకం దిక్కు చూస్తది. ఇంకొకటి, వార్మప్‌ల అవతలోళ్ళ బ్యాట్ ఒకసారి అడిగి పట్టుకోనీయుండ్రి, అడిగితే ఇస్తరు. చేతుల పట్టుకుంటే అది గూడ బ్యాటే అని ఎరకైతది.

ప్రశ్న: బేస్‌బాల్‌ల ముసలి మేనేజర్లు గూడ ఆటగాళ్ళ డ్రెస్సే ఎందుకేసుకుంటరు? (బల్లార్‌పూర్ నుంచి)

జవాబు: ఎనకట ఆడేటోడే టీమ్‌ను నడిపేటోడు, ఆ అలవాటు అట్లనే ఉండిపోయింది. కానీ మాక్ అనే ఆయన మాత్రం ఫిలడెల్ఫియా టీమ్‌ను 1901 నుంచి 1950 దాక సూట్ మీదనే నడిపిండు.

ప్రశ్న: అంకుల్, మా టీమ్‌ల తెలుగోళ్ళం ఒక దిక్కు, మరాఠోళ్ళు ఒక దిక్కు, మాడియా పిల్లలు ఒక దిక్కు కూసుంటం. బాల్ పైకి లేస్తే ఇద్దరం ఉరికి గుద్దుకుంటం. ఎట్ల? (అసరెల్లి నుంచి)

జవాబు: బిడ్డా, గుద్దుకునుడు నయం. మేము గుద్దుకోలే గూడ. బల్లార్‌పూర్ గ్రౌండ్ల బాల్ లేసింది, నేను "నాది" అన్న, పక్కన మరాఠీ దోస్తు "మాఝా" అన్నడు, అది గూడ నాది అనే, నాకు ఆయన మాట చెవికెక్కలే, ఆయనకు నాది ఎక్కలే, ఇద్దరం ఆగినం, బాల్ మా నడుమ దుబ్బల పడి దుమ్ము లేసింది. నూట్‌బార్ అని అమెరికాల పుట్టినోడు, తల్లి జపాన్ ఆమె, 2023 జపాన్ టీమ్‌కు ఆడిండు, జపనీస్ సరిగ రాకపాయె. ఆయన వచ్చేసరికి మిగిలినోళ్ళు ఆయన జపాన్ పేరు తత్సుజికి ముద్దుపేరు, తచ్చన్, అని రాసున్న టీషర్టులు ఏసుకోని నిలబడ్డరు. మీకు టీషర్టులు వద్దు గని, పిలుపు ఒక్కటే పెట్టుకోండ్రి, ఏ భాషదైనా సరే. మేము ఆ రోజు సంది "మాఝా" పెట్టుకున్నం. ఇప్పటికీ ఇంట్ల ఫోన్ మోగితే మాఝా అనుకుంట లేస్త, మా ఇంటామె నవ్వుతది.