పాన్సిట్ బిహోన్ ఇంట్లో చేస్తే ముద్దయిపోతోంది, ఏ సాస్ వేస్తే సరిగా వస్తుంది?

ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యవిద్య చదువుతున్న మీ అమ్మాయి చెప్పగా, పాన్సిట్ అనే అక్కడి నూడుల్స్ వంటకాన్ని విజయవాడలో ప్రయత్నించారనీ, నూడుల్స్‌ను విడిగా ఉడికించి వార్చి, సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్ వేసి పెద్ద మంట మీద వేయించినా ముద్దయిపోయిందనీ రాశారు. నేనూ ఆ ఊళ్లోనే చదువుకున్నాను. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలి వంటగదిలో ఈ వంటకాన్ని దగ్గరుండి చూసినవాడిగా చెబుతున్నాను: సాస్ సంగతి తరువాత, ముందు ఆ వార్చడం మానండి.

బిహోన్ అంటే దారాల్లా సన్నగా ఉండే తెల్లని నూడుల్స్. వీటిని బియ్యప్పిండితో గానీ కార్న్‌ఫ్లోర్‌తో గానీ చేస్తారు. గోధుమ నూడుల్స్‌కు ఉండే సాగుడు వీటికి ఉండదు. మరిగే నీళ్లలో ఉడికించి వార్చినప్పుడు ఇవి పీల్చుకోగలిగినంతా చప్పటి నీళ్లనే పీల్చుకుంటాయి. ఆ తరువాత ఎన్ని సాస్‌లు పోసినా రుచి లోపలికి దిగదు, గరిటె తగిలినచోటల్లా తునిగి ముద్ద కడతాయి. అక్కడి ఇళ్లలో బిహోన్‌ను చన్నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, కోడిమాంసం ఉడికిన నీళ్లలో వేసి, ఆ నీళ్లు ఇగిరేదాకా ఉడికిస్తారు. అరకిలో బిహోన్‌కు సుమారు నాలుగు కప్పుల నీళ్లు పడతాయి. దీన్ని వేపుడని పిలుస్తున్నారు గానీ, నన్నడిగితే ఇది మన పులావు వరుసలో చేరవలసిన వంట.

మా యజమానురాలిని అక్కడి మర్యాద ప్రకారం అందరం టీటా (అంటే పిన్నో అత్తో) అని పిలిచేవాళ్లం. ఆవిడ మనవడి పుట్టినరోజున సాయం చేస్తామని నేనూ, ఖమ్మం నుంచి వచ్చిన మా గది మిత్రుడూ వంటగదిలోకి వెళ్లాము. ఆవిడ పెద్ద మూకుడులో నూనె పోసి, వెల్లుల్లి దోరగా వేయించి, ఉల్లిపాయలూ, ముందే ఉడికించి పీచులుగా తీసిన కోడిమాంసమూ వేశారు. సన్నగా తరిగిన క్యారెట్, చిక్కుడు, క్యాబేజీ అందులో ఒక్క తిప్పు తిప్పి, సగం ఉడకగానే పళ్లెంలోకి తీసేశారు. అదే మూకుడులో కోడి ఉడికిన నీళ్లు, కొంచెం సోయా సాస్, ఇంకొంచెం పాటిస్ అనే చేపల ఊట, మిరియాల పొడి పడ్డాయి. నీళ్లు తెర్లుతుండగా నానిన బిహోన్ వేయబోతున్నారు; పోగులు మరీ పొడుగ్గా ఉన్నాయని మా మిత్రుడు కత్తెర అందుకున్నాడు. టీటా, ఆవిడ చెల్లెలు, కోడలు ముగ్గురూ ఒక్కసారిగా కేకవేశారు. పుట్టినరోజున పాన్సిట్ వండేదే ఆయుష్షు పోగంత పొడుగ్గా సాగాలని; దాన్ని కత్తిరిస్తే పిల్లవాడి ఆయుష్షును కత్తిరించినట్లే లెక్క. కత్తెర వెంటనే ఎక్కడికో మాయమైంది. ఆ తరువాత ఆవిడ రెండు చేతుల్లో రెండు గరిటెలు పట్టుకుని, నూడుల్స్‌ను కలియబెట్టకుండా అడుగు నుంచి పైకి ఎత్తి వదులుతూ పోయారు. నీళ్లు తగ్గేకొద్దీ పోగులు గోధుమరంగుకు తిరిగి విడివిడిగా నిలబడ్డాయి. అప్పుడే కూరగాయలను మళ్లీ కలిపారు. మంట మొదటి నుంచి చివరిదాకా మధ్యస్థంగానే ఉంది.

చైనా వంట కాబట్టి పెద్ద మంట ఉండవలసిందేనని వాదించేవారు తప్పకుండా వస్తారు. ఫ్యుజియన్ ప్రాంతపు చైనీయులు దీన్ని ఫిలిప్పీన్స్‌కు తెచ్చిన మాట నిజమే. మనీలాలో వారి పేట బినోండో 1594లోనే ఏర్పడింది. అయితే ఇన్ని తరాలలో ఆ వంట పూర్తిగా అక్కడి వంటయిపోయింది, ఊరికో పాన్సిట్ తయారైంది. లుక్బాన్‌లో దాన్ని అరిటాకులో పెట్టి, వెనిగర్ చల్లి, చెంచా లేకుండా నోటితోనే అందుకుని తింటారు. మలబోన్‌లో లావు నూడుల్స్ మీద రొయ్యలు, గుల్లలు వేసి నారింజరంగు సాస్‌తో కలుపుతారు. ఆ రంగునిచ్చేవి మన ఉత్తరాంధ్ర మన్యంలోనూ పండే జాఫ్రా గింజలే. వీటిలో దేనిలోనూ నాకు చిల్లీ సాస్ కనబడలేదు. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపుకు ఎర్ర, పచ్చ, నల్ల సీసాలు మూడూ అతుక్కుపోయి ఉన్నంతకాలం ఏ దేశపు నూడుల్స్ అయినా సాయంత్రం బండి మీద నూడుల్స్‌గానే మారుతుందని నా గట్టి నమ్మకం.

పాటిస్ వాసన గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాని మూత తీయగానే కిటికీలు తెరిచి ముక్కు మూసుకున్న మనవాళ్లే, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఎండుచేపల పులుసు అడిగి మరీ వండించుకుంటారు. చేపలను ఉప్పులో ఊరబెడితే వచ్చే ఊటే అది. వేడి తగలగానే ఆ వాసన తగ్గి రుచి మిగులుతుంది. శాకాహారులైతే కూరగాయలు ఉడికిన నీళ్లు పోసి, పాటిస్ బదులు ఉప్పు వేసుకోవచ్చు.

మీకు అసలు చిక్కు నూడుల్స్ దగ్గరే వస్తుంది. మన దుకాణాల్లో దొరికే గోధుమ సేమ్యా దీనికి పనికిరాదు. ఇన్‌స్టంట్ రైస్ సేవై ముందే ఆవిరి మీద ఉడికినది కాబట్టి, నీళ్లు సగానికి తగ్గించినా చితికిపోయే ప్రమాదం ఉంది. పచ్చి బియ్యపు నూడుల్స్ దొరికితే అవే కొనండి, లేదా సెలవులకు వచ్చేటప్పుడు మీ అమ్మాయిని అక్కడి నుంచే బిహోన్ తెమ్మనండి. దానితోపాటు పాన్సిట్ కాంటన్ అనే గోధుమ నూడుల్స్ ఒక పొట్లం కూడా తెమ్మనండి. సెబూ దీవి వైపు ఈ కాంటన్‌ను సోతాంఘోన్ అనే పెసల నూడుల్స్‌తో కలిపి బామ్‌ఇ అనే వంటకం చేస్తారు. కాంటన్ పోగులు గట్టిగా నిలబడతాయి కాబట్టి కొత్తగా చేసేవారికి అది సులువు.

దించిన తరువాత పైన పిండే కలమాన్సీ అనే చిన్న నిమ్మజాతి కాయ మన దగ్గర సులువుగా దొరకదు. నిమ్మరసంలో కొద్దిగా కమలారసం కలిపితే దానికి చాలావరకు దగ్గరగా వస్తుంది. పొయ్యి మీద ఉండగా మాత్రం వేయకండి, చేదెక్కుతుంది. మిగిలిపోతే మరునాడు గుప్పెడు నీళ్లు చిలకరించి, మూతపెట్టి సన్నమంట మీద వేడిచేయండి. టీటా వాళ్లింట్లో దాన్ని రొట్టె మధ్య పెట్టుకుని తినేవారు, అన్నంలోకి కూరగానూ కలుపుకునేవారు.